ఉన్న ఇల్లు, కొన్న ఇల్లు: అల్ ఖోర్ తెలుగువారి కథ

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఇల్లు కట్టడం ఎంత కష్టమో ఈ సామెత చెబుతుంది గాని, ఆ ఇల్లు ఏ ఊళ్ళో కట్టుకోవాలో చెప్పదు. ఆ సంగతి చెప్పినవాడు సుమతీ శతకకారుడు. అవసరానికి డబ్బు సర్దేవాడు, జబ్బు చేస్తే చూసేవాడు, ఏడాది పొడుగునా నీరుండే ఏరు, శుభాశుభ కార్యాలు జరిపించే బ్రాహ్మణుడు – ఈ నాలుగూ ఉన్న ఊళ్ళో కాపురముండమనీ, లేని ఊరి జోలికి పోవద్దనీ ఆయన హితవు. చిన్నప్పుడు బడిలో బెత్తానికి భయపడి వల్లించిన ఆ పద్యానికి అర్థం, నలభయ్యో పడిలో పడ్డాక, ఏరన్నదే లేని ఎడారి దేశంలో మాకు బోధపడింది.

మేము ఖతర్ దేశంలోని అల్ ఖోర్ అనే ఊళ్ళో కాపురాలు చేసిన తెలుగు కుటుంబాల వారము. ఈ సంచిక చదివేవారిలో కొందరు అక్కడే పుట్టి పెరిగిన మా పిల్లలు. మరికొందరు నాలుగైదు తరాల కిందట ఓడలెక్కి వెళ్ళినవారి మునిమనుమలు. దేశాలు వేరైనా అందరి ఇళ్ళలోనూ ఏదో ఒకనాడు ఒకే చర్చ వచ్చి తీరుతుంది: సొంత ఇల్లు ఎక్కడ కొనాలి? పట్నంలోనా, పట్నానికి దగ్గరలో ఉన్న ఊళ్ళోనా, లేక పుట్టిన ఊళ్ళోనా? ఈ ప్రశ్నకు మావారు చెప్పుకున్న జవాబుల చరిత్రను, అందులో మేము చేసిన పొరపాట్లతో సహా, రేపటి తరానికి పనికి వస్తుందన్న ఆశతో ఇక్కడ పొందుపరుస్తున్నాము.

కుందేలు చూపిన ఊరు

అల్ ఖోర్ దోహా నగరానికి ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, తూర్పు తీరాన ఉన్నది. అరబ్బీలో 'ఖోర్' అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొని వచ్చిన పాయ. పాత కాగితాలలో ఈ ఊరి పేరు ఖోర్ షకీక్. ఇక్కడ స్థిరపడినవారు ముహన్నదీ తెగవారు. వేటకు బయలుదేరిన ఆ తెగవారు ఒక కుందేలును తరుముతూ వచ్చి మంచినీటి బావిని కనుగొన్నారనీ, ఆ బావి దగ్గరే నిలిచిపోయారనీ స్థానికులు చెప్పుకుంటారు. ఆ బావి పేరు ఐన్ హ్లీతాన్. దాని నీటికి రోగాలు తగ్గించే గుణం ఉందని పెద్దల నమ్మకం. ఈ కథ మొదటిసారి విన్నప్పుడు మాకు విజయనగరం గుర్తుకు వచ్చింది. కుందేలు వేటకుక్కలను ఎదిరించిన చోట హరిహర బుక్కరాయలు నగరం కట్టారని మన కథ. అక్కడ కుందేలు నేల పౌరుషాన్ని చూపింది, ఇక్కడ నీటి జాడను చూపింది. ఎవరి అవసరం వారిది!

నీరు దొరికిన తరువాత దానికి కాపలా కావాలి. 1900 ప్రాంతంలో కట్టిన మూడు బురుజులు నేటికీ ఆ ఊళ్ళో నిలిచి ఉన్నాయి. బావిని, ఓడరేవును కనిపెట్టి ఉండడానికి వాటిని కట్టారు. జీవనోపాధికి ముత్యాల వేట ఉండేది. వేసవి నెలల్లో మగవారు పడవలెక్కి సముద్రం మీదికి వెళ్ళేవారు. 1930లలో జపాను వారి పెంపుడు ముత్యాలు బజారుకు రావడంతో ఆ వృత్తి కూలిపోయింది. దుఖాన్‌లో చమురు దొరికి, 1949 చివర మొదటిసారి ఎగుమతి అయ్యేదాకా ఆ దేశానికి గడ్డుకాలమే. ముత్యాలు పోయినా ఊరు మాత్రం పోలేదు. నీరు, కాపలా, ఉపాధి అనే మూడు కాళ్ళ పీటకు ఒక కాలు విరిగినా, మిగిలిన రెండింటి మీద కొంతకాలం నిలబడగలిగింది.

అదే ఊరికి ఆనుకుని ఒక చిన్న దీవి ఉన్నది. క్రీస్తు పూర్వం రెండవ సహస్రాబ్దిలో, బాబిలోనియాను కస్సైట్లు ఏలిన కాలంలో, అక్కడ సముద్రపు నత్తల నుంచి ఊదా రంగు తీసేవారు. పురావస్తు శాఖవారికి అక్కడ లక్షలాది పగిలిన గుల్లలు గుట్టగా దొరికాయి. పరదేశపు రాజుల బట్టలకు రంగు తీసిపెట్టిన ఆ పనివారి ఇళ్ళు నిలవలేదు, గుల్లలే నిలిచాయి. అల్ ఖోర్‌కు పని కోసం వచ్చి, పని ముగించుకుని వెళ్ళినవారిలో మనం మొదటివాళ్ళమేమీ కాదని ఆ గుట్ట చెబుతున్నది.

శివారు ఊరు అయిన విధము

మనవారికీ ఆ తీరానికీ పరిచయం కొత్తది కాదు. మన రూపాయే ఒకప్పుడు ఖతర్‌లో చెలామణీ అయ్యేది. 1959లో భారత రిజర్వు బ్యాంకు గల్ఫు దేశాల కోసం ప్రత్యేకంగా నోట్లు అచ్చు వేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించడంతో వారు రియాలుకు మారారు. 1971లో ఖతర్ స్వతంత్ర దేశమయింది. ఆ ఏడే సముద్రగర్భంలో నార్త్ ఫీల్డ్ అనే మహా గ్యాసు నిక్షేపం బయటపడింది. 1984లో ఖతర్ గ్యాస్ సంస్థ ఏర్పడింది. దోహాకు సుమారు 80 కిలోమీటర్ల ఉత్తరాన రాస్ లఫ్ఫాన్ రేవును, పారిశ్రామిక నగరాన్ని నిర్మించారు. 1996 చివరలో ద్రవ రూపంలోని గ్యాసుతో మొదటి ఓడ జపానుకు బయలుదేరింది.

అల్ ఖోర్ జాతకం మారింది అప్పుడే. రాస్ లఫ్ఫాన్‌కు దగ్గరలో ఉన్న ఊరు అదే గనుక, గ్యాసు కంపెనీల ఉద్యోగుల కోసం అక్కడ పెద్ద కాలనీ వెలిసింది. వరుసగా విల్లాలు, అపార్టుమెంట్లు, ఆటస్థలాలు, క్లబ్బు, బడి అన్నీ అమరాయి. బడిలో బ్రిటిష్ పద్ధతితో పాటు మన సి.బి.ఎస్.ఇ. చదువూ నడిచింది. కాలనీ గోడకు బయట, పాత ఊళ్ళో అద్దె ఇళ్ళలో కంట్రాక్టు కంపెనీల ఉద్యోగులు, దుకాణాలవారు ఉండేవారు. ఇంకా అవతల కార్మికుల క్యాంపులు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి, కడప నుంచి, కోనసీమ నుంచి వచ్చిన మనవారు ఆ క్యాంపులలో ఉండేవారు. వారికి కుటుంబాన్ని తెచ్చుకునే వీలు లేదు. శివారు ఊరి ఇంటి గురించి మేము మాట్లాడుకునేటప్పుడు, ఆ మాటకే నోచుకోని మనవారు పక్క వీధిలోనే ఉన్నారన్న సంగతి మరువరాదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతి కుటుంబమూ ఎంపిక చేసుకోవలసి వచ్చేది. దోహాలో ఉంటే తెలుగు సంఘాల కార్యక్రమాలు, సంగీతం, నాట్యం నేర్పేవారు, కూరగాయల బజారు అన్నీ దగ్గర. కాని ఇంటాయన చీకటితోనే లేచి, బస్సెక్కి, 80 కిలోమీటర్లు పోయి రావాలి. అల్ ఖోర్‌లో ఉంటే పని దగ్గర, గాలి మంచిది, పిల్లలు సైకిళ్ళ మీద తిరగవచ్చు. కాని చవితికి మట్టి వినాయకుడు కావాలన్నా, ఉగాదికి మామిడికాయ కావాలన్నా దోహా పోవలసిందే. వేపపువ్వు కోసం మాత్రం ఎన్నడూ వెళ్ళలేదు. అల్ ఖోర్ వీధుల్లో వేపచెట్లు ఉన్నాయి. దక్షిణాన మెసయీద్ పరిశ్రమల్లో పనిచేసే మిత్రులకు ఇదే చిక్కు అల్ వక్రా ఊరితో ఉండేది. 2019లో దోహా మెట్రో ఎర్ర గీత ప్రారంభమై అల్ వక్రాను నగరంతో కలిపింది. ఉత్తరాన అది లుసైల్ దగ్గరే ఆగిపోయింది. మాకు మిగిలింది రహదారి ఒక్కటే.

శతకకారుని కొలబద్ద

సుమతీ శతకకారుని కొలబద్దతో మా ఊరిని కొలిచి చూసుకుంటే ఎలా ఉంటుందో చూద్దాము.

మొదటిది వైద్యుడు. 2005లో అల్ ఖోర్‌లో ప్రభుత్వ ఆసుపత్రి తెరిచారు. అంతకుముందు కాన్పులకు, పెద్ద జబ్బులకు దోహా పరుగెత్తవలసి వచ్చేది. మా పిల్లల్లో చాలామంది జనన పత్రాలలో ఈ ఊరి పేరు ఉండడానికి ఆ ఆసుపత్రే కారణం. ఈ పరీక్షలో ఊరు నెగ్గింది.

రెండవది ఏరు. ఖతర్‌లో నది లేదు, వాగు లేదు. ఒకనాడు బావి ఊరిని నిలబెట్టింది, నేడు సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాలు నిలబెడుతున్నాయి. కుళాయి తిప్పితే నీరు ఆగదు. జూన్ నెలలో నీటి ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడ్డ బాల్యం గల మాకు ఇది వింతగానే తోచింది. ఎండని ఏరుకు యంత్రం సమాధానమైంది.

మూడవది బ్రాహ్మణుడు. మాలోనే ఒక ఇంజనీరుగారు ఆ పని చేసేవారు. వారాంతపు సెలవులో ఆయన ఇంటింటికీ తిరిగి సత్యనారాయణ వ్రతం చేయించేవారు. దక్షిణగా అరటిపండ్లు తప్ప మరేమీ పుచ్చుకునేవారు కారు. ఆయన సెలవు మీద దేశం వెళ్తే మా పుణ్యకార్యాలు కూడా సెలవే.

నాలుగవది అప్పిచ్చేవాడు. ఇక్కడే కథ అడ్డం తిరిగింది. బ్యాంకు వారు కారుకు అప్పు ఇస్తారు, పెళ్ళికి ఇస్తారు, పిల్లవాడి చదువుకు ఇస్తారు. ఇంటికి మాత్రం, మేము కాపురమున్న ఇంటికి మాత్రం, అప్పు పుట్టదు. కారణం బ్యాంకు కాదు. ఆ ఇల్లు అమ్మకానికి లేదు. కంపెనీ ఇల్లు కంపెనీది, అద్దె ఇల్లు షేకుగారిది. శతకకారుడు ఊహించని అయిదవ కొలత ఒకటి ఉన్నదని మాకు అప్పుడు తెలిసింది. దాని పేరు పత్రం.

పత్రం సంగతి

ఖతర్‌లో పరదేశీయులు స్థిరాస్తి కొనుక్కోవడానికి దారి తీసిన చట్టం 2004లో వచ్చిన 17వ నెంబరు చట్టం. అది పరాయి దేశస్థులకు సంపూర్ణ హక్కుతో కొనుక్కోనిచ్చిన ప్రాంతాలు మూడే. ఒకటి దోహా తీరాన సముద్రాన్ని పూడ్చి కడుతున్న పెర్ల్ దీవి. రెండవది వెస్ట్ బే లగూన్. మూడవది, ఆశ్చర్యకరంగా, అల్ ఖోర్ రిసార్టు పథకం! ఆ వార్త చదివిన నాడు కాలనీలో జరిగిన సంబరం ఇంతా అంతా కాదు. మన ఊరి పేరు చట్టంలోకి ఎక్కింది, ఇక మనమూ ఇంటివాళ్ళం కావచ్చునని కలలు కన్నాము.

చట్టాన్ని మళ్ళీ నిదానంగా చదివితే సంగతి తేటపడింది. అది చెప్పింది రిసార్టు ప్రాంతం గురించే. మేముండే కాలనీ గాని, పాత ఊళ్ళో అద్దె వీధులు గాని, మా పిల్లల బడి చుట్టుపక్కల స్థలాలు గాని అందులో లేవు. అదే చట్టం దోహాలోని మరికొన్ని పేటలలో 99 ఏళ్ళ అనుభవ హక్కును ఇచ్చింది. 2018లో దాని స్థానంలో 16వ నెంబరు చట్టం వచ్చింది. 2020లో మంత్రివర్గ నిర్ణయం ప్రకారం సంపూర్ణ హక్కు గల ప్రాంతాలు తొమ్మిది అయ్యాయి, 99 ఏళ్ళ హక్కు గలవి పదహారు అయ్యాయి. తొమ్మిదింటిలో అల్ ఖోర్ రిసార్టు, లుసైల్, పెర్ల్ ఉన్నాయి. పదహారింటిలో నజ్మా, మన్సూరా, ముషైరెబ్, అల్ సద్ద్ వంటి మనవారికి పరిచయమైన దోహా పేటలు ఉన్నాయి. 7,30,000 రియాళ్ళకు తగ్గని ఇల్లు కొన్నవారికి ఆ ఇల్లు తమదిగా ఉన్నంతకాలం, కఫీలు అవసరం లేకుండా, కుటుంబంతో సహా నివాస హక్కు లభిస్తుంది. 36,50,000 రియాళ్ళ ఆస్తి గలవారికి విద్య, వైద్యం వంటి విషయాల్లో శాశ్వత నివాసుల సదుపాయాలు ఉన్నాయి.

2018లోనే శాశ్వత నివాసానికి ఒక చట్టం (10వ నెంబరు) వచ్చింది. బయట పుట్టినవారు ఇరవై ఏళ్ళు, ఖతర్‌లో పుట్టినవారు పదేళ్ళు వరుసగా నివసించి ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే మామూలుగా ఏడాదికి వందమందికి మించి ఇవ్వరు. లక్షలాది పరదేశీయులున్న చోట వంద అన్న అంకె ఎంతటిదో వేరే చెప్పనవసరం లేదు.

ఆ దేశాన్ని నిందించడానికి ఈ మాటలు రాయడం లేదు. అన్నం పెట్టిన చేయి అది. తన నేలను ఎవరికి అమ్మాలో నిర్ణయించుకోవడం ఏ దేశానికైనా ఉన్న హక్కు. మేము చెప్పదలచినది ఒక్కటే: ఇల్లు కొనేవారు ఊరి అందం చూడక ముందే ఆ ఊరి పత్రం చూడాలి.

ముందు తరాలవారి అనుభవం

ఈ చిక్కు మాతో మొదలైనది కాదు. సముద్రం దాటిన తెలుగువారి చరిత్ర అంతా ఒక విధంగా ఇంటి కోసం జరిగిన వెతుకులాటే.

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మదరాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేరింది. చెరకు తోటల కూలీలుగా అందులో వెళ్ళినవారిలో తెలుగువారూ ఉన్నారు. గడువు పూర్తి చేసినవారికి ఉచితంగా తిరుగు ప్రయాణం ఒప్పందంలో ఉండేది. 1870 నాటి చట్టం ఒక బేరం పెట్టింది: తిరుగు ప్రయాణం వదులుకుంటే దానికి బదులు భూమి ఇస్తామన్నది. ఆ భూమి దక్కినది కొద్దిమందికే. అయినా ఎంత విచిత్రమైన బేరం! ఇంటికి పోయే హక్కు ఇస్తే ఇల్లు కట్టుకునే హక్కు వస్తుంది. మా సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. కంపెనీ మాకు ఏటేటా తిరుగు టికెట్టు ఇచ్చింది, నేల మాత్రం జానెడైనా ఇవ్వలేదు.

డర్బన్‌లో స్థిరపడిన ఆ కుటుంబాలు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకుని భాషను నిలుపుకున్నాయి. ఇళ్ళు కట్టుకున్నాయి, తోటలు వేసుకున్నాయి. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఎవరు ఏ పేటలో ఉండాలో చర్మపు రంగును బట్టి నిర్ణయించింది. 1960లలో వేలాది భారతీయ కుటుంబాలను నగరానికి దూరంగా ఛాట్స్‌వర్త్ అనే శివారుకు తరలించారు. శివారు ఊరిని ఎంచుకోవడం ఒక భాగ్యమని, ఎంచుకోనివ్వకపోవడం ఎంత క్షోభ అని ఆ పెద్దలకు తెలిసినంతగా మనకు తెలియదు. విశేషమేమంటే, అలా తోసివేయబడిన ఛాట్స్‌వర్త్‌నే వారు గుళ్ళతో, బళ్ళతో సొంత ఊరుగా మలచుకున్నారు.

బర్మా కథ వేరు. రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేసిన మనవారు అక్కడ ఇళ్ళు, దుకాణాలు సంపాదించుకున్నారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు వేలాదిమంది కాలినడకన అడవులు, కొండలు దాటి తరలివచ్చారు. మిగిలినవారిలో చాలామంది 1960లలో సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక కట్టుబట్టలతో వచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేట నేటికీ ఆ జ్ఞాపకాన్ని మోస్తున్నది. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు భారత ప్రభుత్వం లక్షా డెబ్బై వేల మంది దాకా మనవారిని విమానాలలో తరలించింది. వారిలో కడప, గోదావరి జిల్లాలవారు ఎందరో. ఆ రోజుల్లో ఊళ్ళో ఒక పెంకుటిల్లైనా ఉన్నవాడు దానిలోకి వచ్చి పడ్డాడు. లేనివాడు చుట్టాల అరుగు మీద పడుకున్నాడు. "ఎక్కడ సంపాదించినా సరే, ఇల్లు మాత్రం మన దేశంలో ఉండాలి" అని మా తల్లిదండ్రులు పట్టుబట్టడానికి వెనుక ఈ కథలన్నీ ఉన్నాయి.

కొన్న ఇల్లు

కాబట్టి మేము దేశంలోనే కొన్నాము. దేశంలో ఎక్కడ? పుట్టిన పల్లెలో కాదు, పట్నం నడిబొడ్డునా కాదు. పట్నం శివారులో. పూర్వం గృహనిర్మాణ మండలి కాలనీలు ఉండేవి. హైదరాబాదు అంచున కూకట్‌పల్లి, వనస్థలిపురం అలా పెరిగినవే. 1998లో మాదాపూరులో సైబర్ టవర్సు తెరుచుకున్న తరువాత పడమటి శివారుకు రెక్కలు వచ్చాయి. మియాపూరు, నిజాంపేట, కొండాపూరు పేర్లు అల్ ఖోర్ క్లబ్బులో కాఫీ కప్పుల మధ్య వినబడేవి. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చాక ఆ పేర్లు ఇంకా దూరం జరిగాయి. విశాఖవారు మధురవాడ అన్నారు, బెజవాడవారు పోరంకి, కంకిపాడు అన్నారు. 2015లో అమరావతికి శంకుస్థాపన జరిగిన తరువాత దాని చుట్టూ కొన్నవారూ ఉన్నారు. 2019 చివరలో మూడు రాజధానుల మాట రావడంతో వారి ముఖాలు వాడిపోయాయి, 2024 తరువాత మళ్ళీ తేరుకున్నాయి. పట్నానికి దగ్గరని కొంటే, పట్నమే అటూ ఇటూ కదిలే కాలం ఇది!

మేము చేసిన పొరపాట్లు దాచుకోదలచలేదు. మాలో ఒకరు దోహా హోటలులో పెట్టిన స్థిరాస్తి ప్రదర్శనలో రంగుల పుస్తకం చూసి, స్థలం మీద కాలు పెట్టకుండానే బయానా ఇచ్చారు. నాలుగేళ్ళ తరువాత సెలవులో వెళ్ళి చూస్తే అది చెరువు శిఖం భూమి. వానాకాలంలో హద్దురాళ్ళు నీటిలో ఉన్నాయి. 2024 జూలైలో హైదరాబాదు చెరువుల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా సంస్థ ఏర్పడినప్పుడు, ఆయన రాత్రింబవళ్ళు టీవీకి అతుక్కుపోయారు. ఇంకొకరు వ్యవసాయ భూమిని ఫారం ప్లాటు పేరిట గుంటల లెక్కన కొనబోయారు. ప్రవాస భారతీయులు ఇల్లు, ఇంటి స్థలం కొనవచ్చు గాని, వ్యవసాయ భూమి, తోట, ఫారంహౌసు కొనరాదని విదేశీ మారకద్రవ్య చట్టం నిబంధన. వారసత్వంగా వచ్చినది ఉంచుకోవచ్చు. ఆ సంగతి చెప్పినవాడు అమ్మేవాడు కాదు, ఊళ్ళో ఉన్న బావమరిది.

ఇవి డబ్బుకు సంబంధించిన పొరపాట్లు. డబ్బుకు సంబంధించని పొరపాటు ఒకటి ఉన్నది. అది దాదాపు అందరమూ చేశాము. మేము కొన్న ఇంటిలో మేము లేము. గృహప్రవేశానికి పది రోజుల సెలవు మీద వెళ్ళి, పాలు పొంగించి, తాళం వేసి, తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టి వచ్చాము. ఉన్న ఇల్లు మాది కాదు, మాదైన ఇంట్లో మేము లేము. ఈ రెండింటి మధ్య పిల్లలు పెరిగారు.

ఒకసారి వేసవి సెలవుల్లో హైదరాబాదు శివారు ఇంటికి వెళ్ళినప్పుడు, పక్కింటావిడ మా అమ్మాయిని "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. పిల్ల తడుముకోకుండా "అల్ ఖోర్ అండీ" అన్నది. ఆవిడకు ఆ పేరు తెలియక "అది ఏ జిల్లా?" అని మళ్ళీ అడిగింది. మేము నవ్వుకున్నాము గాని, ఆ రాత్రి ఆ ఇంటి మేడ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాము. ఎవరి కోసం కొన్నాము ఈ ఇల్లు? మా అమ్మానాన్నల మాట కోసం కొన్నాము. మా ముసలితనం కోసం కొన్నాము. పిల్లల కోసం కొన్నామని మాత్రం చెప్పలేము. వారిని మేము అడగనే లేదు.

ఎంపిక చేసుకునేవారికి

ఆ రాత్రి మాటల నుంచి, ఆ తరువాత అనుభవాల నుంచి మాకు తోచిన నాలుగు ముక్కలు చెప్పి విరమిస్తాము.

నీరు, వైద్యం, దారి మొదట చూడండి. కుందేలు వెంట పరుగెత్తినవారు కూడా నీరు చూసే ఆగారు. శివారు ఊరు కొనేటప్పుడు చూడవలసింది పట్నానికి ఎన్ని కిలోమీటర్లన్నది కాదు, ఉదయం ఎనిమిదింటికి ఎన్ని నిమిషాలన్నది. స్థలాన్ని వేసవిలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చూడండి. వేసవిలో నీటి కరువు కనబడుతుంది, వానల్లో చెరువు కనబడుతుంది.

పత్రాన్ని సొంత కళ్ళతో చూడండి. దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈ.సి., లేఅవుటు అనుమతి, 2016 చట్టం కింద రెరా నమోదు అన్నీ సరిచూసుకున్న తరువాతనే బయానా. చుట్టం మంచివాడైనా, పవర్ ఆఫ్ అటార్నీ కాగితం మీద ఏమున్నదో చదివి సంతకం పెట్టండి.

మనుషులను చూడండి. శతకకారుని నాలుగు లెక్కలలో మూడు మనుషులే! ఏరు ఒక్కటే ప్రకృతి. మా ఊరికి నది లేకపోయినా, వారాంతంలో పంచె కట్టుకుని వచ్చే ఇంజనీరుగారు ఉన్నారు గనుక అది ఊరయింది. కోటి రూపాయల విల్లాలో పక్కింటివారి పేరు తెలియకపోతే అది విడిదే.

అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ ఎవరు కాపురముంటారో ముందుగా తేల్చుకోండి. ఉండేవాడు లేని ఇల్లు పెట్టుబడి, గూడు కాదు. పెట్టుబడి తప్పు కాదు, దానిని ఇల్లు అని పిలుచుకుని దాని కోసం ఉన్న ఇంటిని చిన్నచూపు చూడడమే తప్పు. ఎప్పటికైనా వదిలి పోయేదే కదా అని మేము అల్ ఖోర్ ఇంటి గోడకు మేకు కొట్టలేదు, పెరట్లో చెట్టు నాటలేదు. ఇరవై ఏళ్ళు గడిచాక లెక్క చూసుకుంటే, మా జీవితంలో ఎక్కువ భాగం ఆ మేకు లేని గోడల మధ్యనే గడిచింది.

మావారిలో ఒకరు ఇటీవల ఉద్యోగ విరమణ చేసి, హైదరాబాదు శివారు విల్లాను అమ్మివేసి, భార్య పుట్టిన మండల కేంద్రంలో చిన్న డాబా కొనుక్కున్నారు. పిల్లలను అడిగే కొన్నారట. వారు వచ్చి ఉండమని చెప్పారు, ఏటా పండుగకు మాత్రం తప్పక వస్తామన్నారు. ఆ మాట ప్రకారమే ఇంటికి మూడు గదులు చాలునని లెక్క వేసుకున్నారు. తెలుగువాడు ఇంటికి వేసుకున్న లెక్కలలో ఇంత నిజాయితీ గలది మేము మరొకటి చూడలేదు.

2022 నవంబరు 20న ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు మా ఊళ్ళోనే ప్రారంభమయ్యాయి. అరవై వేల మంది పట్టే ఆ ఆటస్థలాన్ని ఎడారి సంచారుల గుడారం ఆకారంలో కట్టారు. దాని పేరు అల్ బైత్. అరబ్బీలో ఆ మాటకు అర్థం 'ఇల్లు'. గుడారమే ఇల్లయిన జాతి అది. మేకలను తోలుకుంటూ నీరున్న చోటుకల్లా పోయి, దిగిన చోటనల్లా అతిథికి కాఫీ పోసి, అదే ఇల్లనుకుని బతికిన జాతి. ఆ రాత్రి దీపాల వెలుగులో ఆ గుడారాన్ని చూస్తూ మా పిల్లలు ఒకటే కేరింతలు. వాళ్ళ ఊళ్ళో వాళ్ళ పండుగ అది.

ఈ సంచిక చదివే యువతీ యువకులారా! మీరు ఏ నగరం పక్కన ఏ ఊరు ఎంచుకున్నా మంచిదే. కొన్న ఇంటికి దస్తావేజు జాగ్రత్త చేసుకోండి. ఉన్న ఇంటి ముందు, అది అద్దెదైనా సరే, కంపెనీదైనా సరే, రోజూ ఒక ముగ్గు వేయండి.